మణికట్టు కాడ గీత

ఫ్లోరెన్స్ మేడం బోర్డు మీద ఒక చెయ్యి గీసింది.
గీసి, మణికట్టు కాడ అడ్డంగ ఒక గీత కొట్టింది.
గీతకు ఇవతల హ్యాండు, అవతల ఆర్మ్.
"కలిపి చెప్పొద్దు మొగిలమ్మా,
ఇంగ్లీషుల ఇవి రెండు వేరే ఊర్లు."

కాజీపేట ఫాతిమానగర్ల సాయంత్రం ఆరున్నర.
బెంచీ నిండ నర్సింగు చదివే పిల్లలు,
వాళ్ల నడుమ నేను, నలభై దాటినదాన్ని,
జమ్మికుంట ప్యాసింజరుకు వచ్చి పోయేదాన్ని.
మా తాన చెయ్యంటే చెయ్యే.
రెట్ట కాడ ఎక్కితే గోరు కాడ దిగుడే,
నడుమ టేషన్లు లేవు.
అరచెయ్యి, ముంజెయ్యి, మోచెయ్యి
ఏ పేరు పెట్టి పిలిచినా
వెనకాల చెయ్యి వస్తనే ఉంటది.

వాక్యాలు చెప్పుండ్రి అన్నది మేడం.
ఒక పిల్ల లేచి, గివ్ మీ ఎ హ్యాండ్.
సాయం అడగాల్నంటే అట్ల అడుగుతరట.
నాకు నవ్వు ఆగలే.
మా బజార్ల చెయ్యిచ్చుడంటే
చిట్టీ పైసలు ఎత్తుకొని
రాత్రికి రాత్రి షట్టర్ గుంజుడు.

నవ్వినందుకు నన్ను లేపింది.
మై బ్రదర్ హాజ్ వన్ హ్యాండ్, అన్న.
"టూ హ్యాండ్స్ అనాలె.
రోజు మాట్లాడుకునే మామూలు మాట చెప్పు."
మామూలు మాటనే మేడం, అన్న.
ఫ్యాను చప్పుడు కాసేపు ఇనబడ్డది.

పోయిన పత్తి సీజన్ల,
జిన్నింగు మిల్లుల బుచ్చిరాములు చెయ్యి
రోలరు మింగింది.
ఎంజీఎంల మోచెయ్యి మీదికెల్లి తీసేసిండ్రు.
కంపెనీ ఫారం ఇంగ్లీషుల వచ్చింది.
అండ్ల రెండు గడులు, రెండు గడులకు రెండు రేట్లు.
సూపర్‌వైజరే పెన్ను తీసి, మంచిగ మాట్లాడుకుంటనే
చిన్న గడిల టిక్కు పెట్టిండు.
"చెయ్యే గదనే పోయింది?" అన్నడు.
అవును సారూ, చెయ్యే, అన్నం అందరం.
మా తమ్ముడు సుత తలకాయ ఊపిండు.

తెలుగుల ఆయన అబద్ధం ఆడలే.
అదే నాకు నిద్ర రానియ్యలే.

అందుకే ఈ రైలు, ఈ నోటుబుక్కు.
ఉప్పల్ దాటినంక లైటు పోతది, వస్తది,
నేను పెదవులతోని చదువుకుంట.
నీళ్లు పోసేది హ్యాండు.
పిల్లను ఎత్తుకునేది ఆర్మ్.
సూది గుచ్చేది ఆర్మ్‌కే, గాజులు ఎక్కేది హ్యాండు మీదికెల్లి,
ఆగేది ఏడనో నాకు ఇంకా సక్కగ తెల్వదు.
ఎదురుంగ కూసున్న బీడీల ముసలామె
ఏందిరా బిడ్డా, మంత్రమా, అన్నది.

దీపావళి ఎల్లినంక మిల్లు గేటుకు
మళ్ల రేకు తగిలిచ్చిండ్రు: హ్యాండ్స్ వాంటెడ్.
కూడబలుక్కొని చదివిన.
మనుషులు కావాలని రాయలే.

నిన్న కొత్త ఫారం తెచ్చుకున్న.
నా చేతిరాతతోనే పెద్ద అక్షరాలల్ల రాసిన,
ఆర్మ్.
మూడక్షరాలే. హ్యాండుకు నాలుగు.
పెద్దదానికి గంత చిన్న పేరేందో.

సంతకం కాడికి వచ్చేసరికి
బుచ్చిరాములు ఎడమ చేత్తోని
బ మీద కొమ్ము తిప్పుతాంటే
కాయిదం జారి బల్ల అంచుకు పోయింది.
రెండోసారి సుత పోయింది.
వాడు నా దిక్కు సూడకుంటనే
"గీ కొస పట్టుకో అక్కా" అన్నడు.
పట్టుకున్న.

సోమవారం మేడంకు ఒక వాక్యం అప్పజెప్పాలె.